డిక్కీలో పెట్టి తెచ్చేసుకోవచ్చా సార్?

పోయిన నెల స్కానింగుల గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే సందేహం. రేడియోయాక్టివ్ వస్తువుని కార్లో పెట్టొచ్చా, విమానం ఎక్కించొచ్చా, పక్కన పెట్టుకుంటే ఏమన్నా అవుద్దా అని. గుంటూర్లో ఒక ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళ పైచిలుకు రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా చేశాను, తెల్లారుజామున నాలుగింటికి గేటు దగ్గర టీ తాగుతా హైదరాబాద్ నుంచి వచ్చే, స్కాన్లకి వాడే రేడియోయాక్టివ్ మందు డబ్బా కోసం ఎదురు చూట్టమే నా ఉద్యోగంలో సగం, కాబట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. సెల్ టవర్లు, మైక్రోవేవ్ ఓవెన్ల గురించి రాసినవాళ్ళు కోప్పడకండి, మీది వచ్చే నెల.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని. హైదరాబాద్‌లో మా ఫ్రెండు వాళ్ళ కాలేజీలో ల్యాబ్ ఎత్తేస్తున్నారు, జీఎం కౌంటర్ (రేడియేషన్ని టకటక లెక్కపెట్టే మీటర్) ప్రయోగానికి వాడే బిళ్ళలు రెండు మాకిచ్చేస్తానంటున్నాడు, ఒకటి సీజియం-137, ఇంకోటి కోబాల్ట్-60, ఒక్కోటి ఒక మైక్రోక్యూరీ. సంక్రాంతికి ఫ్యామిలీతో కార్లో వస్తూ డిక్కీలో పెట్టి తెస్తాడంట. లేదంటే నేనే వెళ్ళి ఫ్లైట్లో చెక్-ఇన్ బ్యాగులో వేసుకొస్తాను. ఏది మంచిది?

జవాబు: పండగ డిక్కీ, అరిసెల డబ్బా పక్కన సీజియం డబ్బా! సరే, హడలిపోయేంత వస్తువైతే కాదులెండి. మీరు చెప్పే బిళ్ళలు నాకు బాగా తెలుసు, రూపాయి కాసంత ప్లాస్టిక్ చక్రం, మధ్యలో ఆవగింజంత సరుకు పెట్టి మూసేస్తారు, మీద ఐసోటోపు (అంటే సీజియం-137 లాంటి రేడియోయాక్టివ్ రకం) పేరు, బలం, తయారైన తేదీ రాసుంటయ్. ఒక మైక్రోక్యూరీ అంటే 37 వేల బెకరెల్, అంటే సెకనుకి 37 వేల అణువులు విరుగుతున్నాయని. వినటానికి పెద్ద అంకె గాని, ఆ సీజియం బిళ్ళ నుంచి మీటరు దూరంలో గంటకి 0.003 మైక్రోసీవర్టు (ఒంటికి తగిలే రేడియేషన్ని కొలిచే లెక్క) వస్తది, మనం ఊరికే ఇంట్లో కూర్చున్నా నేలలోంచి, గోడల్లోంచి, ఆకాశంలోంచి వచ్చేది దానికి ముప్పై రెట్ల పైనే.

ఇక రూలు. మన దేశంలో ఇదంతా చూసేది అణుశక్తి నియంత్రణ మండలి, అందరూ ఏఈఆర్‌బీ అనే అంటారు, 1983లో పెట్టారు, ముంబైలో ఉంటది. వాళ్ళ రవాణా కోడు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ రూల్స్‌ని పట్టుకునే నడుస్తది. ఆ రూల్స్‌లో ఒక్కో ఐసోటోపుకి ఒక గీత గీశారు, పంపే సరుకు మొత్తం ఆ గీత కింద ఉంటే రవాణా రూల్సు అసలు వర్తించవు, దాటితే వర్తిస్తయ్. కోబాల్ట్-60కి ఆ గీత లక్ష బెకరెల్. సీజియం-137కి 10 వేలు. ఇప్పుడు మీ బిళ్ళలు చూడండి, రెండూ ఒకే సైజు, రెండూ 37 వేలే, కోబాల్టేమో గీత కిందే ఉండిపోయింది, సీజియం దాటేసింది. రెండూ ఒకే డబ్బాలో పెట్టారా, కోబాల్ట్ కూడా దాంతో పాటు లెక్కలోకొచ్చేస్తది.

అయితే బిళ్ళ మీద తేదీ చూసి తరుగు తీసి లెక్కేస్కోండి. కోబాల్ట్ ఐదేళ్ళ మూణ్ణెల్లకి సగం అయిపోద్ది, పదహారేళ్ళ పాతదైతే ఎనిమిదో వంతే మిగిలుంటది, దాంతో ప్రయోగం చేస్తే కౌంటర్ టక్కుమనటానికి కూడా బద్ధకిస్తది, ఊరికే ఇస్తున్నాడని తీస్కోకండి. సీజియం అలాక్కాదు, 30 ఏళ్ళకి గాని సగమవదు, 37 వేల నుంచి 10 వేలకి దిగాలంటే 57 ఏళ్ళు, అప్పటికి మీ మనవడు లెక్చరర్ అయ్యుంటాడు.

గీత దాటినంత మాత్రాన పెద్ద పెద్ద సీసం డ్రమ్ములు అక్కర్లేదు. అన్నిట్లోకి కింది మెట్టు ఒకటుంది, దాన్ని మినహాయింపు ప్యాకేజీ అంటారు, మీ బిళ్ళ అందులో హాయిగా సరిపోద్ది. షరతులు కొన్నే. పెట్టె మీద ఎక్కడ కొలిచినా గంటకి 5 మైక్రోసీవర్టులు దాటకూడదు, పైన యూఎన్ 2910 అని నంబరు, పంపేవాళ్ళదో తీసుకునేవాళ్ళదో పేరు ఉండాలి, మూత తియ్యంగానే లోపల రేడియోయాక్టివ్ అనే మాట కనపడాలి, కూడా ఒక కాగితం. ఇక్కడ మీ ఫిజిక్స్ పనికొస్తది. బిళ్ళని తీసుకెళ్ళి అట్టపెట్టె గోడకి ఆనించి పెట్టారనుకోండి, సెంటీమీటర్ దూరంలో 30 దాటుద్ది, రూలు తప్పినట్టే. అదే బిళ్ళని మధ్యలో పెట్టి చుట్టూ నాలుగేసి అంగుళాలు థర్మోకోల్ కూరండి, పెట్టె మీద అర మైక్రోసీవర్టు కూడా రాదు. థర్మోకోల్ ఆపిందని కాదు, దూరమే ఆపింది, దూరం రెట్టింపయితే నాలుగో వంతు అని మీరు పిల్లలకి చెప్పే పాఠమే. అలా కడితే కార్లో ఫ్యామిలీ ఉన్నా రూలు అడ్డం చెప్పదు. నన్నడిగితే డిక్కీలో ఒక మూల కదలకుండా పెట్టమంటా, తినే వస్తువుల సంచీలో మాత్రం వద్దు, బిళ్ళ పగిలి ఉంటే ఆ పొడి అరిసెలకి అంటుకోవటం తప్ప ఇందులో నిజంగా భయపడాల్సింది ఏం లేదు. బయల్దేరే ముందు బిళ్ళ మీద తడి దూదితో తుడిచి ఆ దూదిని కౌంటర్ కింద పెట్టి చూడమనండి, టకటక ఎక్కువైతే కారుతున్నట్టు, దాన్ని అక్కడే ఉంచాలి.

ఫ్లైటు సంగతి వేరు. బ్యాగులో వద్దు. చెక్-ఇన్ వద్దు, చేతి సంచీ వద్దు, జేబులో అసలే వద్దు. మినహాయింపు ప్యాకేజీ అయినా సరే ప్రయాణికుడి సామానులో రేడియోయాక్టివ్ వస్తువు ఒప్పుకోరు, విమానయాన రూల్స్‌లో అది ఖరాఖండీ. విమానంలో పంపాలంటే కార్గో కింద, ప్రమాదకర సరుకు కౌంటర్లో కాగితాలతో ఇవ్వాలి, తీసుకోటం తీసుకోకపోటం ఆ ఎయిర్‌లైన్ ఇష్టం. రెండు బిళ్ళల కోసం అంత తతంగం ఎందుకండీ, కారే నయం.

అసలు విషయం మీరు అడగలేదు. ఆ బిళ్ళ ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది? వాళ్ళ కాలేజీ రిజిస్టర్లోంచి కొట్టేసి మీ రిజిస్టర్లో ఎక్కించే కాగితం ఉందా? ఏఈఆర్‌బీ వాళ్ళకి ఈ-లోరా అని ఆన్‌లైన్ పద్ధతి ఉంది, ఆ బలానికి అనుమతి కావాలా అక్కర్లేదా అనేది ఐసోటోపుని బట్టి ఉంటది, మీ ప్రిన్సిపాల్ చేత ముందే ఒక మెయిల్ పెట్టించండి. ఒకసారి ఒక కాలేజీ ల్యాబ్ సర్దుతుంటే చూట్టానికి నన్ను పిలిచారు, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన బరువైన బూడిద రంగు కుండ ఒకటి కనపడింది, మూత తీస్తే లోపల ఇలాంటి బిళ్ళే, అటెండర్‌కి అది ఏంటో తెలీదు, రిజిస్టర్లో పేరున్న మేడం రిటైరయ్యి పన్నెండేళ్ళయింది. బిళ్ళ వల్ల ఎవరికీ ఏం కాలేదు, గాని ఆ కుండ సీసం, సీసం కిలో లెక్కన అమ్ముడుపోద్ది, ఇంకో ఏడాది ఆగితే ఆటోనగర్ చేరేదే.

ప్రశ్న: విజయవాడ దగ్గర రోడ్డు పనుల్లో సైట్ ఇంజినీర్ని. మట్టి ఎంత గట్టిపడిందో కొలిచే న్యూక్లియర్ గేజ్ ఉంది మా దగ్గర. రోజూ దాన్ని రూం నుంచి సైటుకి కంపెనీ ఇన్నోవాలో తీస్కెళ్తాం, ఐదుగురం ఎక్కుతాం, పెట్టె చివరి సీటు వెనకాల ఉంటది. పెట్టె మీద పసుపు లేబుల్, రెండు ఎర్ర నిలువు గీతలు, టీఐ 0.4 అని ఉంది. సైట్లో దొంగల భయం వల్ల కొన్ని రాత్రులు నా ఫ్లాట్లో మంచం కింద పెట్టుకుంటా. ఏమన్నా ఇబ్బందా?

జవాబు: మంచం కిందా!

బాబూ, ముందు దాన్ని అక్కడ్నుంచి తీసి తర్వాత ఈ జవాబు చదువు. అందులో మామూలుగా రెండు సోర్సులుంటయ్, ఒకటి సీజియం-137, సుమారు 8 మిల్లీక్యూరీలు (ఒక మిల్లీ అంటే వెయ్యి మైక్రోలు), ఇంకోటి అమెరీషియం, బెరీలియం కలిపింది, 40 మిల్లీక్యూరీలు, మట్టిలో తడి కొలిచేది అదే, దాన్నుంచి న్యూట్రాన్లు వస్తయ్. పై ప్రశ్నలో లెక్చరర్ గారి సీజియం బిళ్ళ కంటే నీ సీజియం ఒక్కటే 8 వేల రెట్లు. న్యూట్రాన్లకి సీసం అడ్డం పెట్టినా పెద్దగా లెక్కచెయ్యవు, మైనమో ప్లాస్టిక్కో నీళ్ళో కావాలి, అందుకే ఆ పెట్టెలో అంత ప్లాస్టిక్ ఉంటది.

లేబుల్ చదవటం నేర్చుకో, సగం జవాబు అందులోనే ఉంది. తెల్ల లేబుల్, ఒక గీత అంటే పెట్టె మీద గంటకి 5 మైక్రోసీవర్టుల లోపు. పసుపు, రెండు గీతలంటే పెట్టె మీద 500 దాకా ఉండొచ్చు. పసుపు, మూడు గీతలంటే 2 వేల దాకా. టీఐ అంటే ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్, మీటరు దూరంలో గంటకి ఎన్ని మిల్లీసీవర్టులో కొలిచి 100తో గుణిస్తారు, అంటే నీ 0.4కి మీటరు దూరంలో గంటకి 4 మైక్రోసీవర్టులు. ఇప్పుడు ఇన్నోవాలో లెక్క చూద్దాం. చివరి సీట్లో కూర్చున్నవాడి వీపుకి పెట్టె అర మీటరు ఉంటుందేమో, అంటే గంటకి 16. రోజుకి గంట ప్రయాణం, ఏడాదికి 300 రోజులు, మొత్తం 4.8 మిల్లీసీవర్టులు. మామూలు జనానికి ఏడాదికి పెట్టిన హద్దు 1 మిల్లీసీవర్టు. ముందు స్టీరింగ్ దగ్గర రెండు మీటర్ల దూరంలో ఉన్న డ్రైవర్‌కేమో 0.3 కూడా దాటదు. ఇదే బండి, ఇదే పెట్టె, ఎవడు ఎక్కడ కూర్చున్నాడన్నదే తేడా. మంచం కింద సంగతి కూడా అర మీటరే అనుకో, రాత్రికి ఎనిమిది గంటలు, ఎనిమిది రాత్రుల్లో ఏడాది కోటా ఖతం. పై ఫ్లాట్ వాళ్ళు, కింది ఫ్లాట్ వాళ్ళు కూడా ఉన్నారు చూడు, వాళ్ళకి లేబుల్ కూడా కనపడదు.

అందుకే రూలు సూటిగా పెట్టారు, రెండు గీతలు, మూడు గీతల పసుపు లేబుల్ పెట్టె ఉన్న బండిలో డ్రైవరు, అతని సహాయకుడు తప్ప ఎవ్వరూ ఎక్కకూడదు. ఐదుగురు కాదు, లిఫ్ట్ అడిగిన సూపర్‌వైజర్ కూడా కాదు. వాళ్ళు కూర్చునే చోట గంటకి 20 మైక్రోసీవర్టులు దాటకూడదు, దాటితే టీఎల్‌డీ బ్యాడ్జీ (ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచేది) ఉండాల్సిందే. పెట్టెకి తాళం, పెట్టె బండికి గొలుసుతో కట్టి ఇంకో తాళం, బండికి రెండు పక్కలా వెనకా రేడియేషన్ ఉందని చెప్పే మూడు రెక్కల గుర్తు బోర్డులు, డ్రైవర్ దగ్గర పంపినవాళ్ళ డిక్లరేషన్, ట్రెమ్ కార్డు. ట్రెమ్ కార్డు అంటే యాక్సిడెంట్ అయితే ఏం చెయ్యాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసిన కాగితం, దాన్ని ఆఫీసు ఫైల్లో భద్రంగా దాచేవాళ్ళని చూశా నేను, బండి బోల్తా పడితే ఫైలు ఎవడు తెస్తాడు. ఆర్టీసీ బస్సు, రైలు, ఆటో, టూవీలర్ ఏదీ కుదరదు. రాత్రిపూట ఏఈఆర్‌బీ ఒప్పుకున్న తాళం గదిలోనే ఉంచాలి, సైట్లో అది లేకపోతే కట్టించమని మీ మేనేజర్‌ని అడుగు, అడిగితే ఉద్యోగం పోద్దేమోనని అనుకోకు, గేజ్ పోతేనే పోద్ది.

మొన్నామధ్య కాజ టోల్‌గేట్ దాటాక ఒక టిఫిన్ హోటల్ దగ్గర ఆగాం. పక్కనే ఒక పికప్ బండి, వెనక ట్రక్కులో అచ్చం ఇలాంటి పసుపు పెట్టె, నైలాన్ తాడుతో ఒక్క చుట్టు కట్టి ఉంది, తాళం లేదు, కుర్రాడొకడు దాని మీదే కూర్చుని పెసరట్టు తింటన్నాడు, అల్లం పచ్చడి గిన్నె లేబుల్ మీద పెట్టాడు. తమ్ముడూ అది ఏంటో తెలుసా అంటే, మీటర్ సార్ చాలా కాస్ట్లీ, అందుకే మీద కూర్చున్నా ఎవరూ ఎత్తుకుపోకుండా అన్నాడు. వాడి డ్యూటీ వాడు చేస్తన్నాడు పాపం, చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు.

తాడు సంగతి ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, 2023 జనవరిలో ఆస్ట్రేలియాలో ఒక గని నుంచి పెర్త్ సిటీకి లారీలో గేజ్ పంపారు, 1400 కిలోమీటర్ల దారి, కుదుపులకి ఒక బోల్టు ఊడింది, ఆ కన్నంలోంచి లోపలి సీజియం గొట్టం జారి రోడ్డు మీద పడిపోయింది. 6 మిల్లీమీటర్ల లావు, 8 మిల్లీమీటర్ల పొడుగు, కందిగింజ కంటే కాస్త పెద్దది. అక్కడికి చేరాక జనవరి 25న పెట్టె విప్పితే గాని అది లేదని తెలీలేదు. తర్వాత డిటెక్టర్లు కట్టిన బండి గంటకి 70 కిలోమీటర్ల స్పీడుతో వెతుక్కుంటా పోయి ఫిబ్రవరి 1న రోడ్డుకి రెండు మీటర్ల పక్కన పట్టుకుంది. నీ పెట్టె టైప్-ఎ రకం, అంటే మీటరు ఇరవై సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడేసి, వాన నీళ్ళు కొట్టి, ఆరు కిలోల ఇనప కడ్డీ మీద వేసి పరీక్ష చేసిన పెట్టె. హైవే మీద 90లో పోతున్న ట్రక్కులోంచి ఎగిరి పడితే తట్టుకోవాలని ఆ పరీక్షలో లేదు. 9 మీటర్ల ఎత్తు నుంచి పడేసి 800 డిగ్రీల మంటలో అరగంట పెట్టేది టైప్-బి, వెల్డింగులు ఫోటో తీసే ఇరీడియం కెమెరాల్లాంటి పెద్ద సోర్సులకి అది.

ప్రశ్న: గన్నవరం నుంచి ఢిల్లీ ఫ్లైట్ ఎక్కాను, కిటికీలోంచి చూస్తుంటే కింద సామాను గదిలోకి మూడు రెక్కల గుర్తు ఉన్న పసుపు లేబుల్ పెట్టె ఎక్కించారు. మనుషులున్న విమానంలో అలా పెట్టొచ్చా? సరిగ్గా నా సీటు కిందే అనుకుంటా.

జవాబు: పెట్టొచ్చమ్మా, పెడతారు, పెట్టకపోతే ఎక్కడో ఒక పేషెంటు స్కాన్ ఆగిపోద్ది. ఈ సరుకు ఐసుగడ్డ లాంటిది, దారిలోనే కరిగిపోతా ఉంటది. గుండె, ఎముకల స్కాన్లకి వాడే టెక్నీషియం 6 గంటలకి సగం. పెట్ స్కాన్‌కి వాడే ఫ్లోరిన్-18 అయితే 110 నిమిషాలకే సగం, హైదరాబాద్‌లో తయారై రోడ్డు మీద ఐదు గంటలు పట్టి విజయవాడ చేరేసరికి నూటికి 15 పాళ్ళు మిగులుద్ది, అందుకే అక్కడ ఆరేడు రెట్లు ఎక్కువ పోసి పంపుతారు, దారిలో ట్రాఫిక్ జామైందంటే నాకు గేటు దగ్గర చెమటలు పట్టేవి. టెక్నీషియాన్ని దూరం పంపలేక దాని తల్లి మాలిబ్డినంని ఒక సీసం డబ్బాలో పెట్టి పంపుతారు, అది 66 గంటలకి సగం కాబట్టి వారం వాడుకోవచ్చు, ఆస్పత్రిలో రోజూ పొద్దున్నే దాన్నుంచి టెక్నీషియం పిండుకుంటాం. ఆ డబ్బాని ఆవు అనే అంటారు, ప్రపంచమంతా అంతే, పాలు పితికారా అని అడిగేవాళ్ళం మేం కూడా.

మనుషులెక్కే విమానంలో ఒక్కో పెట్టె టీఐ 3 దాటకూడదు, అన్నీ కలిపి 50 దాటకూడదు. సరుకు మాత్రమే మోసే విమానాల్లో అయితే ఒక్కో పెట్టె 10 దాకా, మొత్తం 200 దాకా. పెట్టె పైభాగానికీ మీ కాళ్ళ కింద నేలకీ మధ్య ఇంత ఎడం ఉండాలని కొలత కూడా ఉంది, టీఐ 1 అయితే 30 సెంటీమీటర్లు, 3 అయితే 70. ఎక్కడ ఏ పెట్టె పెట్టారో రాసి కాగితం పైలట్ చేతికి ఇస్తారు, అది తీసుకోకుండా ఆయన తలుపు వేయించడు. అసలు అంత ఎత్తున ఆకాశం నుంచే గంటకి కొద్ది మైక్రోసీవర్టులు వస్తయ్, ఢిల్లీ దాకా మీకు ఎటూ తప్పని వాటా అది, దానికి ఏ లేబులూ అంటించరు.

ప్రశ్న: మా అమ్మకి థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక హైదరాబాద్‌లో రేడియో అయోడిన్ ఇచ్చారు. డిశ్చార్జ్ చేస్తున్నారు. విజయవాడ తీసుకురావటానికి ఫ్లైటా, కారా, బస్సా? ఎయిర్‌పోర్టులో ఆపుతారని బంధువులు భయపెడుతున్నారు.

జవాబు: ఒంట్లో ఉన్న మందు సామాను కాదమ్మా. ఇందాక బ్యాగులో వద్దే వద్దన్నానే, ఆ రూలే వైద్యం కోసం ఒంట్లోకి ఎక్కించిన మందుకి మినహాయింపు ఇచ్చింది, ఫ్లైట్ ఎక్కకూడదని చట్టం ఎక్కడా అనదు. ఎయిర్‌పోర్టులో రేడియేషన్ పట్టే మిషన్ ఉంటే మోగొచ్చు, అయోడిన్-131 ఎనిమిది రోజులకి సగం కాబట్టి కొన్ని వారాల దాకా మోగే అవకాశముంది. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఏ మందు, ఎంత, ఏ తేదీన ఇచ్చారో రాయించుకుని అమ్మ చేతి సంచీలో పెట్టండి, చూపిస్తే వదిలేస్తారు.

కాకపోతే నా ఓటు కారుకే. బస్సులో రాత్రంతా ఎవరో పరాయి మనిషి, గర్భిణీయో చంటిబిడ్డ తల్లో, భుజం ఆనించి పక్కన పడుకుంటది, అది వద్దు. కార్లో అమ్మని వెనక సీట్లో డ్రైవర్‌కి ఎదురు మూలన కూర్చోబెట్టండి, ముందు మీరు, అంతే, పిల్లల్ని ఎక్కించొద్దు. నీళ్ళు బాగా తాగించండి, మందు ఎక్కువగా ఒంటేలు లోనే పోతది, రెండు గంటలకోసారి ఆపండి, ఆపుకోమని చెప్పొద్దు, వెళ్ళిన చోట రెండు సార్లు నీళ్ళు కొట్టమనండి. ఎన్ని రోజులు వేరే గదిలో ఉండాలనేది ఆస్పత్రి వాళ్ళు కార్డు మీద రాసిస్తారు, ఇచ్చిన డోసుని బట్టి ఉంటది అది, నేను ఇక్కడ్నుంచి చెప్పేది కాదు. అమ్మని అంటరానిదాన్ని చేసి మాట్లాడకుండా కూర్చోకండి, రెండు మీటర్ల అవతల కుర్చీ వేసుకుని ఎంతసేపైనా కబుర్లు చెప్పొచ్చు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఇంట్లో పెట్టుకోమని స్మోక్ డిటెక్టర్ తెస్తానంటున్నాడు, దాంట్లో రేడియేషన్ ఉంటదంట కదా?

జవాబు: కొన్నిట్లో ఉంటది, అమెరీషియం-241, దాదాపు మన లెక్చరర్ గారి బిళ్ళంతే, ఒక మైక్రోక్యూరీకి అటూ ఇటూ. అనుమతి పొంది కొట్లో అమ్మిన ఇంటి వస్తువు ఒకసారి కొనుక్కున్నాక రవాణా రూల్స్ కిందకి రాదు, ఆ మాట నిజమే, గాని అమెరికాలో అనుమతి ఉన్నది ఇక్కడ ఉన్నట్టు కాదు, ఇక్కడ వీటికి ఏఈఆర్‌బీ విడిగా ఒప్పుకోవాలి. కాంతితో పొగని పట్టేవి మన దగ్గరే దొరుకుతయ్, వాటిలో రేడియోయాక్టివ్ సరుకే ఉండదు. అబ్బాయిని బాదంపప్పు తెమ్మనండి.

ప్రశ్న: మాది వన్ టౌన్. బండి నంబర్ ప్లేట్ మీద రేడియం స్టిక్కర్ వేయించా. రోజూ దాని పక్కనే కాళ్ళు, ఏమన్నా అవుద్దా?

జవాబు: ఏం అవదు, అందులో రేడియం లేదు. లైటు పడితే వెనక్కి కొట్టే ప్లాస్టిక్ కాగితం అది. 1898లో క్యూరీ దంపతులు కనిపెట్టిన అసలు రేడియాన్ని ఒకప్పుడు గడియారం ముళ్ళకి పూసేవాళ్ళు, చీకట్లో మెరవటానికి, ఆ పేరు మన స్టిక్కర్ షాపుల బోర్డుల మీద మిగిలిపోయింది. మీ తాతగారి కాలం నాటి అలాంటి వాచీ ఇంట్లో ఉంటే మాత్రం అద్దం విప్పి గీకకండి, రేడియం 1600 ఏళ్ళకి గాని సగమవదు, ముళ్ళు మెరవటం మానేసినా పూత అలాగే ఉంటది.

ప్రశ్న: ఆటోనగర్‌లో స్క్రాప్ వ్యాపారం. ఒక లాట్‌లో చిన్న కుండంత బరువైన సీసం డబ్బా వచ్చింది, తుప్పు కింద మూడు రెక్కల ఫ్యాను బొమ్మ లాంటిది కనపడతంది. మా కుర్రాళ్ళు కోస్తామంటున్నారు, నేను ఆపాను. ఆటోలో వేసుకుని పోలీస్ స్టేషన్‌కి తీస్కెళ్ళి ఇచ్చేద్దామనుకుంటున్నా, మంచిదేనా?

జవాబు: కోయనివ్వకపోవటం మంచి పని, ఆటోలో వెయ్యటం మాత్రం వద్దు. ఇప్పటిదాకా అందరికీ ఎలా తీస్కెళ్ళాలో చెప్పాను, మీకు మాత్రం తీస్కెళ్ళొద్దనే చెప్తున్నా. అది ఖాళీ డబ్బా అయ్యుండొచ్చు, లోపల పెన్సిల్ ముక్కంత కోబాల్ట్ ఉండొచ్చు, కంటితో చూసి చెప్పే మొనగాడు లేడు, నేను కూడా చెప్పలేను, మీటర్ కావాలి.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ మార్కెట్లో ఇదే జరిగింది, ఢిల్లీ యూనివర్సిటీ వేలంలో అమ్మేసిన పాత గామా యంత్రాన్ని కోసేశారు, లోపలి కోబాల్ట్-60 ముక్కలు కొట్లల్లో చెదిరిపోయినయ్, ఒక ముక్క ఒకతని పర్సులో దొరికింది. ఒకాయన చనిపోయాడు, ఇంకొందరు ఆస్పత్రి పాలయ్యారు.

ఆటో మాట ఎందుకొద్దన్నానో వినండి. 1987 సెప్టెంబర్‌లో బ్రెజిల్‌లో గోయానియా అనే ఊళ్ళో మూసేసిన క్లినిక్ నుంచి క్యాన్సర్ వైద్యం చేసే యంత్రం తల ఎత్తుకొచ్చి పాత ఇనప సామాను కొట్టుకి అమ్మారు, లోపల సీజియం పొడి చీకట్లో నీలంగా మెరుస్తుంటే చుట్టాలకీ పక్కాలకీ పంచారు, పిల్లలు ఒంటికి పూసుకున్నారు. ఇంట్లో అందరికీ వాంతులు మొదలయ్యేసరికి ఆ కొట్టాయన భార్యకి అనుమానమొచ్చింది, మిగిలిన ముక్కని సంచీలో వేసుకుని సిటీ బస్సెక్కి ఆరోగ్యశాఖ ఆఫీసుకి తీస్కెళ్ళి బల్ల మీద పెట్టింది. ఊరంతటికీ మేలు చేసింది ఆవిడే, అసలు సంగతి బయటపడింది అప్పుడే. చనిపోయిన నలుగురిలో ఆవిడ కూడా ఉంది.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇంతే. డబ్బాని ఎక్కడుందో అక్కడే వదిలేసి కుర్రాళ్ళని అందర్నీ యార్డు అవతలి గేటు దాకా పంపెయ్యండి, ముప్పై మీటర్ల లోపలికి ఎవర్నీ రానివ్వకండి, 112కి ఫోన్ చేసి మూడు రెక్కల గుర్తు, రేడియేషన్ అనే రెండు మాటలూ విడమర్చి చెప్పండి, వాళ్ళు ఏఈఆర్‌బీకి చేరవేస్తారు, మీటర్లతో మనుషులొస్తారు. డబ్బా ముట్టుకున్నవాళ్ళ పేర్లు, ఎంతసేపు పట్టుకున్నారో కాగితం మీద రాసిపెట్టండి, చేతులు సబ్బుతో కడుక్కోమనండి. ఆ లాట్ ఎవరి దగ్గర కొన్నారో ఆ బిల్లు మాత్రం ఎవరడిగినా చేతికివ్వకండి, జిరాక్స్ ఇవ్వండి. ఫోటో తీసి పంపమని ఎవరన్నా అంటే జూమ్ చేసి గేటు దగ్గర్నుంచే తియ్యండి.